మూడు వేళ్ల పాఠం

ఎడమచేతి నాలుగో వేలు విరిగినప్పుడు ఫిజిక్స్ మాస్టారు అరవలేదు. అరవడానికి అప్పటికే గొంతు మిగల్లేదు.

"కుడిచేతి జోలికి పోకండ్రా," అన్నాడు దబ్బనం. "సుద్దముక్క పట్టుకోవాలిగా."

పాత ఇనప సామాన్ల షెడ్డు అది. దబ్బనం ఆ పేటకి రౌడీ. ఒకప్పుడు మాస్టారి క్లాసులో వెనక బెంచీ. అయస్కాంతాల పాఠం మొదలుపెట్టిన రోజే మాస్టారు అతన్ని మెడపట్టి బయటికి గెంటారు. మళ్లీ బడి మొహం చూడలేదు. ఇరవై ఏళ్లయినా ఆ కడుపుమంట ఆరలేదు.

"ఆ రోజు చెప్పని పాఠం ఇప్పుడు చెప్పు. కరెంటు పారే కమ్మీని అయస్కాంతం విసిరికొడుతుందటగా! నీ గుండెల్లోకే విసరాలి."

నేలమీద రెండు పట్టాలు, వాటి నడుమ అయస్కాంతాలు, పక్కన వరసగా లారీ బ్యాటరీలు. పట్టాల మధ్యలో అడ్డంగా ఇత్తడి కమ్మీ. రెండంచులూ కొడవలిలా నూరారు. పట్టాలకి ఒక కొసన స్తంభం, రెండో కొసన స్విచ్చి.

"తప్పు చెబితేనో అన్నా?" అడిగాడు ఒక అనుచరుడు.

"తల తెగిపడ్డా ఈయన పాఠం తప్పు చెప్పడు. ఆ పిచ్చి నాకు తెలుసు."

మాస్టారికి చావాలని లేదు. ఏడుస్తూనే మిగిలిన చెయ్యి ఎత్తి, మూడు వేళ్లు మూడు దిక్కులకి చాచారు.

"చూపుడువేలు, అయస్కాంతం ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువానికి. నడిమివేలు, కరెంటు పారే వైపు. బొటనవేలు ఎటు చూపిస్తే కమ్మీ అటు ఎగురుతుంది."

అనుచరులు నలుగురూ బుద్ధిమంతుల్లా ఆయన ఎత్తినట్టే చేతులెత్తారు. ఒకడు వేళ్లు మెలిపెట్టుకున్నాడు.

"నడిమివేలు నిటారుగా పెట్టరా, వెధవా!" కసిరారు మాస్టారు. వాడు ఉలిక్కిపడి సర్దుకున్నాడు.

బొటనవేళ్లన్నీ స్తంభం వైపు చూసేలా వైర్లు బిగించారు. మాస్టారిని ఆ స్తంభానికి కట్టేశారు. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నారు.

"ఇప్పుడైనా పాసయినట్టేనా సార్?" నవ్వుతూ స్విచ్చి నొక్కాడు దబ్బనం.

నిప్పురవ్వలు లేచాయి.

దబ్బనం కడుపు పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం బుసబుసా పొంగింది. అనుచరులు తలో దిక్కుకీ పరుగుతీశారు.

"బొటనవేలు... నీ వైపే కదా... చూపించింది?"

మాస్టారు కళ్లు తెరిచి చూశారు.

ఆ పాఠానికి కుడిచెయ్యి ఎత్తిన ప్రతి పిల్లాణ్ణీ ఆయన ఇన్నేళ్లుగా బెత్తం విరిగేలా కొడుతూనే ఉన్నారు, ఎందుకంటే ఆ సూత్రం ఎడమచేతిది.