పది నుంచి పదకొండు దాకా

"తియ్యకపోతే?" అన్నాడు అర్మాన్, సంతకం పెట్టకుండానే కలం వెనక్కిచ్చేస్తూ.

"తియ్యక ఎక్కడికి పోతుందోయ్! చట్టమంటే చట్టమే," అంది గిలేన్.

ఇద్దరూ మెట్ల మీద నిలబడి ఉన్నారు. అర్మాన్ రిటైరైన పోస్ట్‌మాన్, మొదటి అంతస్తు. గిలేన్ నలభై ఏళ్ళు ఉన్నిమిల్లులో మగ్గాల దగ్గర పనిచేసి మానేసిన మనిషి, మూడో అంతస్తు. మొహం కప్పే ముసుగు వద్దంటూ బెల్జియంలోని ఈ వెర్వియేలో ఆ చుట్టుపక్కల వీధులన్నీ తిరిగి రెండొందల సంతకాలు పోగుచేసింది. పట్టిందంటే ఉడుంపట్టే ఆవిడది.

"ఆ నాలుగో అంతస్తు పిల్ల నీకేం అపకారం చేసిందని?"

"అపకారమా! మొన్న చలికాలం మంచుమీద జారిపడితే ఒక్కరొచ్చారా? నువ్వూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు. ఆ పిల్లే కుంటుకుంటూ వచ్చి లేపింది. నా సంచీ మూడంతస్తులు మోసింది. థాంక్స్ చెబుదామంటే మొహమేదీ? నల్లగుడ్డకి చెప్పనా? మూడేళ్ళయింది వచ్చి. నవ్వుతుందో ఏడుస్తుందో తెలీదు. పాపం, ఆ మొగుడే వేయించి ఉంటాడు. నేను విడిపించకపోతే ఇంకెవరు విడిపిస్తారు?"

"విడిపించమని ఆవిడ అడిగిందా?"

"మునిగిపోయేవాణ్ణి అడిగి లాగుతామా? నీతో నాకెందుకులే!"

ఇంతలో పదైంది. నాలుగో అంతస్తు పిల్ల కుడికాలు ఈడుస్తూ దిగి వచ్చింది. తలనుంచి పాదాల దాకా నలుపు, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"బోంజూర్ మదామ్," అని పలకరించింది.

"మళ్ళీ ఏటి గట్టుకేనా? ఆ కాలితో రోజూ ఎందుకమ్మా ఈ అవస్థ?"

"డాక్టరు గంట నడవమన్నాడు. మానేస్తే కాలు కొయ్యబారిపోతుందట." ముసుగులోంచి నవ్వినట్టే వినిపించింది. పదింటికి వెళ్తే పదకొండుకి తిరిగొచ్చేది. ఆవిణ్ణి చూసి గడియారం సరిచేసుకోవచ్చు.

జూలైలో చట్టం వచ్చింది. ముసుగుతో వీధిలోకొస్తే జరిమానా, లేదంటే జైలు. పదిరోజులు నాలుగో అంతస్తు నుంచి లారీ నడిపే ఆ మొగుడు తప్ప ఎవరూ దిగలేదు. గిలేన్‌కి ముద్ద దిగలేదు.

పదకొండో రోజు ఆ తలుపు తీసుకుని, చేతిసంచీతో, నిండు మొహంతో, జుట్టు ముడేసుకుని ఒకమ్మాయి దిగింది. గిలేన్ పరిగెత్తుకెళ్ళి వాటేసుకుంది.

"ఎంత బాగున్నావే తల్లీ! ఇన్నాళ్ళూ ఈ మొహాన్నా దాచింది? నీ పేరేంటి?"

"లుబ్నా," అంది ఆ అమ్మాయి బిత్తరపోయి. "మెర్సీ మదామ్, మెర్సీ," అని థాంక్స్ చెప్పుకుంది.

గిలేన్ కళ్ళు తుడుచుకుంటూ తిన్నగా అర్మాన్ తలుపు కొట్టింది.

"చూశావా! కాలు కూడా బాగుపడింది. కుంటడం లేదు!"

"చట్టాలతో కాళ్ళు బాగవుతాయా ఎక్కడైనా?"

"ఆ గుడ్డ కాళ్ళకడ్డం పడబట్టే కుంటేది. నీకు ఓర్వలేనితనం."

"ఇదివరకు నీతో బాగానే మాట్లాడేది. ఇప్పుడు మెర్సీ తప్ప మాటే లేదు."

"సిగ్గు! మొహం కొత్త కదా మరి."

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ వేసవి నుంచే గిలేన్‌కి నెత్తిమీద ఒక చప్పుడు పట్టుకుంది. టక్... టుప్. టక్... టుప్.

"మగ్గం పెట్టింది," అని తేల్చేసింది. "తివాచీలు నేస్తోంది. ముసుగు పోయింది, సొంత సంపాదన వచ్చింది!"

"పది నుంచి పదకొండు దాకానేనా నేసేది?"

"పద్ధతైన పిల్ల! మగ్గం చప్పుడు నాకు నేర్పుతావా? నలభై ఏళ్ళు విన్నాను."

అయినా రోజూ భరించడం కష్టమే. ఓరోజు మెట్ల మీద లుబ్నాకి పైకప్పు చూపించి, చెవులు మూసుకుని చూపించింది. లుబ్నా మొహం ఎర్రబడింది. మర్నాటికి పైన ఏదో మందంగా పరిచారు. చప్పుడు మెత్తబడింది, ఆగలేదు.

చట్టానికి ఏడాది నిండిన రోజున గిలేన్ పాలూ బియ్యం పోసి తీపి టార్ట్ కాల్చింది. అర్మాన్‌ని రెక్కపుచ్చుకుని నాలుగో అంతస్తుకి లాక్కెళ్ళింది.

"నేను చేసింది మంచి పనేనని ఇవాళ ఆ పిల్ల నోటితోనే చెప్పిస్తాను. నువ్వు వినాలి."

లుబ్నా తలుపు తీసింది. బజారుకి బయల్దేరుతున్నట్టుంది, సంచీ చేతిలో ఉంది. ఇప్పుడు ఫ్రెంచి మాటలు బాగానే వస్తున్నాయి.

"రండి మదామ్! అయ్యో, ఇదంతా ఎందుకు?"

"ఏడాదైంది తల్లీ! చెప్పు, ముసుగు తీసేసిన మొదటి రోజు నీకెలా అనిపించింది?"

"ఏ ముసుగు?" లుబ్నా అయోమయంగా చూసింది. "నేనెప్పుడూ వేసుకోలేదే. వేసుకునేది మా అక్క హయాత్. చట్టం వచ్చాక బజారు పనులకి మనిషి లేక నన్ను స్పెయిన్ నుంచి పిలిపించుకుంది."

అర్మాన్ అందుకోకపోతే టార్ట్ నేలపాలయ్యేదే. ఏడాదిగా ఎవర్ని వాటేసుకుంటోంది తను? ఎవర్ని చూసి మురిసిపోయింది?

"మరి... ఆ పిల్ల? మీ ఊరెళ్ళిపోయిందా?"

లుబ్నా తల అడ్డంగా ఊపింది.

గిలేన్ లోపలికి తొంగి చూసింది. లుబ్నా ఎదురుగానే ఉంది. మొగుడి లారీ వారంనుంచి వీధిలో లేదు. లోపలి గదిలో మాత్రం చప్పుడు ఆగడం లేదు. టక్... టుప్. టక్... టుప్.

"మరి ఆ మగ్గం ఎవరు ఆడిస్తున్నారమ్మా?"

"మగ్గమా? మా ఇంట్లో మగ్గం లేదు మదామ్." లుబ్నా గోడ గడియారం వంక చూసింది. పదింపావు. "శబ్దం రాకుండా రెండు తివాచీలు పరిచాం, ఇంకా వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది," అంది గిలేన్, గోడ పట్టుకుని.

"క్షమించండి మదామ్, మీ నెత్తిమీద నడిచేది అక్కే."