సముద్రం వైపు తిరిగిన మరక

చెల్లెలు పడవ ప్రయాణానికి సంచి సర్దుకుంటోంది. ఆస్పత్రిలో నాన్న కాలి పుండుకు ఏ మందూ పనిచేయడం లేదు. సముద్రం అడుగు బురదలో దొరికిన ఒక సూక్ష్మజీవి మాత్రమే ఆ పుండులోని క్రిములను చంపుతోంది. ఇంకా బురద కావాలి.

"పొద్దున్నే వచ్చేస్తాలే. నువ్వు రాత్రంతా ఆ గాజు పళ్ళెం ముందు గుడ్లప్పగించి కూర్చోకు, అక్కా!"

"చాల్లేవే. పడవెక్కగానే ఫోన్ చెయ్యి."

చీకటి పడ్డాక ప్రయోగశాలలో అక్క ఒక్కతే మిగిలింది. నాన్న పుండులోని క్రిముల్ని పెంచిన ఆ గాజు పళ్ళెం మధ్యలో సూక్ష్మజీవిని చుక్కగా వేస్తే, క్రిములు చచ్చినచోట పళ్ళెం ఎప్పుడూ గుండ్రంగా తేటపడేది. ఇవాళ ఆ తేట మరక సముద్రం వైపున్న కిటికీకేసి నాలుకలా సాగింది. విచిత్రంగా ఉందే అనుకుని పళ్ళేన్ని గోడ వైపు తిప్పింది. టీ తాగి వచ్చేసరికి నాలుక మళ్ళీ కిటికీ వైపే ఉంది. అంత పెరగాలంటే ఒక రోజు పట్టాలి.

సముద్రంలోంచి ఏదో దాన్ని పిలుస్తున్నట్టుంది. చెల్లెల్ని వెనక్కి పిలుద్దామని ఫోన్ తీసింది. మరి బురద లేకపోతే నాన్న? పైగా ఇంకొక్కసారి తిప్పితే ఏమవుతుందో చూడాలనిపించింది. ఫోన్ పక్కన పెట్టి తిప్పింది.

చప్పుడు లేకుండా, ఆమె కళ్ళముందే, నాలుక కిటికీ వైపు మళ్ళింది.

ఆ శుక్రవారం రాత్రి వెళ్ళిన చెల్లెలు మళ్ళీ రాలేదు.