కొత్త శకం కాపీలు

“కాపీలున్నాయన్నావు కదా. ఏవీ?” తెత్సువో కంప్యూటర్ తెరను వేలితో పొడిచాడు.

నోబుయె భర్త భుజం మీదుగా వంగి చూసింది. బియ్యం పులియబెట్టి సాకే మద్యం చేసే ఆ చిన్న కార్ఖానాకు ప్రాణం ఆ ఎక్సెల్ ఫైలే. ఏ రోజు ఏ తొట్టిని ఎంత వేడిలో ఉంచిందీ, ఎప్పుడు కలియబెట్టించిందీ, ఎప్పుడు చల్లార్చిందీ పెద్ద మేస్త్రి ఇవాబుచి ఒంటి వేలితో కొట్టి పెట్టేవాడు. వచ్చే చలికాలానికి ఖాళీ పట్టిక కావాలని తెత్సువో ఆ పొద్దున పాత ఫైలే తెరిచి, అంకెలన్నీ చెరిపి, సేవ్ చేశాడు. కాపీలు ఎలాగూ ఉన్నాయన్న ధీమా.

“ఫైలు మూసిన ప్రతిసారీ తేదీ, టైము పేరుగా పెట్టి ఒక కాపీ దాస్తుందండీ. ఆ పని చేసే చిన్న ప్రోగ్రాము, ఆ మాక్రో, నేను రాసిందే. దాచానని రోజూ చెబుతూనే ఉంది.”

“చెప్పడానికేం. మా మేనత్తా రోజూ చెబుతుంది, సన్నబడుతున్నానని. నువ్వే చూడు.”

ఫోల్డరు నిండుగానే ఉంది. అన్నిటికంటే చివరిది పాత చక్రవర్తి నాటి హెయిసెయి శకం ముప్పై ఒకటో ఏడు, అంటే 2019, ఏప్రిల్ నెలది. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

నోబుయె మాక్రో తెరిచి చదివింది. ఒక వరుస మీద వేలు పెట్టి చూపించింది.

“ఫోల్డరు నిండితే అన్నిటికంటే పాతది తీసెయ్యమని రాశాను. ఏడాది అంకె ఎంత చిన్నదైతే అంత పాతదని దాని లెక్క. ఇంతలో చక్రవర్తి మారారు. రెయివా శకం వచ్చి ఏడాది మళ్లీ ఒకటి నుంచి మొదలైంది.”

“అయితే?”

“ముప్పై ఒకటి ముందు ఒకటి చిన్నదే కదా. కొత్త కాపీ పుట్టగానే, అదే అందరికంటే ముసలిదనుకుని చెరిపేసింది. ఇన్నేళ్లూ అదే పని.”

“లోకమంతా వాడే క్రీస్తు లెక్క పెట్టుకోలేకపోయావా?”

“మునిసిపాలిటీ కాగితాల నుంచి పన్ను రసీదు దాకా అన్నీ శకం లెక్కే. చేతికి అదే అలవాటు.”

తెత్సువో ఆ ఖాళీ పట్టికనే పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాడు. అతను అరిచినా ఆమెకు ఇంత భయం వేసేది కాదు. మనుషులు ఎలాగూ వెళ్లిపోతారు, వాళ్లు చేసిందైనా ఉండనీ అని రాసుకున్న మాక్రో అది. వెళ్లిపోయే మనిషి ఈ రోజే వెళ్లిపోతున్నాడు. ప్రతి వసంతంలోనూ ఊరికి వెళ్లి మళ్లీ మంచు పడే వేళకు వచ్చే ఇవాబుచి, ఇక ఒంట్లో ఓపిక లేదని ఈసారి అందరికీ వంగి నమస్కరించి మరీ బయల్దేరాడు.

“బస్సు ఇంకా వచ్చి ఉండదు,” అంటూ ఆమె పరుగెత్తింది.

బస్టాపులో మేస్త్రి మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏమ్మా, ఇంట్లో చెప్పులతోనే రోడ్డెక్కావు? కొంప అంటుకుందా?”

“అంటుకున్నా ఇంత బాధ ఉండదు, మేస్త్రీగారూ.” రొప్పుతూనే జరిగిందంతా చెప్పింది. “మీకు గుర్తున్నంత చెప్పండి, ఫోన్లోనైనా సరే. రాసుకుంటాను. ఆ అంకెలు లేకపోతే వచ్చే ఏడు మా సాకే మా సాకే కాదు. ఆ రుచి కోసమే మమ్మల్ని వెతుక్కుంటూ వస్తున్నారు. తప్పిందంటే కార్ఖానా మూసుకోవడమే.”

“ఏవి పోయాయి, ఏవి మిగిలాయి?”

“హెయిసెయి నాటివి అన్నీ ఉన్నాయి. శకం మారాక మీరు రాసినవే... మాకు పేరు తెచ్చినవే... ఒక్కటీ లేదు.”

బస్సు మలుపు తిరిగింది. మేస్త్రి లేచి మూట భుజానికి తగిలించుకున్నాడు. అతని ముఖంలో దిగులు లేదు. చాలా కాలంగా మోస్తున్నదేదో దించినవాడిలా ఉన్నాడు.

“అయితే నావేవీ పోలేదమ్మా. శకం మారిన ఆ ఏడాదే జ్వరమొచ్చి నా ముక్కూ నాలుకా చచ్చిపోయాయి. పంపించేస్తారని నోరు విప్పలేదు. రోజూ పొద్దున్నే తొట్టిలోంచి తీసి నీ చేతికో గిన్నెడు సాకే ఇచ్చి ‘ఎలా ఉంది’ అని అడిగేవాణ్ణి కదా, నువ్వేమంటే దాన్నిబట్టే తొట్లు దిద్దాను. పోయిన అంకెలన్నీ నీ నాలుకవే.”