గ్లాసు పరీక్ష

“ఒంటి మీద మచ్చలే లేవు. మచ్చల్లేకుండా మెనింజైటిస్ ఏమిటమ్మాయ్?” అన్నాడు మామగారు, గాజుగ్లాసు బల్ల మీద పెడుతూ.

ముప్ఫయ్యేళ్ళు మందుల షాపు నడిపిన మనిషి. ఆ ఇంట్లో ఆయన నందంటే నంది, పందంటే పంది. మెదడు పొరలకి వాపొస్తే ఎర్రమచ్చలొస్తాయనీ, గాజుగ్లాసుతో నొక్కినా అవి పోవనీ షాపులో అట్ట రాసి మరీ వేలాడదీశాడు. అట్ట మీద ఉన్నదే ఆయనకి వైద్యం.

“మెడ వంగట్లేదు మావయ్యగారూ. గడ్డం గుండెకి ఆనించమంటే ఏడుస్తోంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. కర్టెన్ తీస్తే వెలుతురు చూడలేకపోతోంది,” అంది కోడలు. లోపల మంచం మీద ఏడేళ్ళ పాప జ్వరంతో కాలిపోతోంది. పొద్దున కబుర్లు చెప్పిన పిల్ల ఇప్పుడు పిలిస్తే మూలుగుతోంది.

“తలగడ ఎత్తై మెడ పట్టేసి ఉంటుంది. మచ్చలు కనిపించనీ, మరుక్షణం బయల్దేరదాం. అందాకా నా ప్రాణం తియ్యకు.”

మొగుడు ఊళ్ళో లేడు. అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. కారు తాళాలేమో ఈయన జేబులో. కోడలు గోడకున్న తన ఆఫీసు సంచి తడిమింది. కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళ మీద ‘పగిలే సామాను’ అని రాసే ఎర్ర మార్కర్ చేతికి తగిలింది. అది గుప్పిట్లో దాచుకుని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

నిమిషం గడవకుండానే పిలిచింది. “మావయ్యగారూ, పాప కాళ్ళ మీద మచ్చలు.”

ఆయన గ్లాసు తెచ్చి పిక్క మీద నొక్కి చూశాడు. మచ్చలు ఉన్నచోటే ఉన్నాయి. గ్లాసు ఎత్తి, దాని వంక ఒకసారి చూసి, చేతిరుమాల్లో చుట్టి తన సంచిలో వేసుకున్నాడు.

“పిల్లనెత్తుకో,” అన్నాడు. కారెక్కే ముందే ఆస్పత్రికి ఫోన్ చేసి, “ఏడేళ్ళ పాప, మెనింజైటిస్ అనుమానం, వచ్చేస్తున్నాం,” అని చెప్పాడు.

అక్కడ ఎవరూ మీనమేషాలు లెక్కపెట్టలేదు. రక్తం తీసి, వెంటనే నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించారు. తర్వాత వెన్నులోంచి నీరు తీసి పరీక్షకి పంపారు.

“మెనింజైటిసే. బాక్టీరియా వల్ల వచ్చింది,” అంది డాక్టరమ్మ. “మచ్చలు చాలామందికి రానే రావు. వాటి కోసం ఆగేవాళ్ళే పిల్లల్ని పోగొట్టుకుంటారు. మీరు వేళకి తెచ్చారు.”

మూడోరోజు పాప గడ్డం గుండెకి ఆనించి, “ఇదిగో, వంగింది. ఇంక ఇంటికెళ్దామా తాతయ్యా?” అని అడిగింది. కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తుడుచుకుని మామగారితో పాటు వరండాలోకి వచ్చింది.

“మావయ్యగారూ, తిట్టినా సరే, చెప్పెయ్యాలి. ఆ మచ్చలు నేనే…”

“కాస్త ఆరనివ్వాలమ్మాయ్,” అంటూ ఆయన సంచిలోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. గ్లాసు అడుగున ఐదు ఎర్రచుక్కలు అంటుకుని ఉన్నాయి.

“తెలిసి కూడా బయల్దేరారా?”

“ఏనాడూ అబద్ధమాడని దానివి ఆడావంటే, ఇక గ్లాసుతో పనేముంది?”