గిజిగాడు అల్లిన టోపీ

చీకటి పడితే గద్దలకు చూపు ఆనదు. అడవికి కాపలా మాత్రం అవే. అందుకని గిజిగాడు గడ్డితో టోపీ అల్లి, కళ్ళకెదురుగా రెండు రెల్లు గొట్టాలు బిగించి, వాటి కొసల్లో చుక్కల వెలుగును పట్టే మంచుబొట్లు నిలిపాడు.

ఒక పడుచు గద్ద అది పెట్టుకుని ఆ రాత్రే ఎగిరింది. ఎదర ఉన్నదంతా కనబడింది. పక్కనున్న మద్దికొమ్మ కనబడలేదు. తెల్లారి దాని శవం చెట్టుకింద దొరికింది.

“గూట్లో కూర్చుని చూసుకున్నానమ్మా, బాగానే కనబడింది,” అని గిజిగాడు దాని తల్లి దగ్గర ఏడ్చాడు.

“గూడు ఎగరదు కదా నాయనా,” అంది తల్లిగద్ద.

నెల తిరిగేసరికి పక్కలకు కూడా గొట్టాలు పెట్టి గిజిగాడు కొత్త టోపీ తెచ్చాడు. తల్లిగద్ద తల వంచింది. టోపీ పట్టలేదు.

“ఇది నా తలకు అల్లుకున్నానమ్మా,” అన్నాడు గిజిగాడు. టోపీ బిగించుకుని, చీకట్లో ఆ మద్దిచెట్టు వైపే ఎగిరాడు.