మేడగదిలో బోర్డు

"ఆ గ్రీజు ట్యూబు ఇలా ఇవ్వు," అన్నాడు భర్త, తల తిప్పకుండా చెయ్యి చాపి.

ఆమె ఇచ్చింది. అందులో ఉన్నది గ్రీజు కాదు. మరలకు పూసి బిగిస్తే బోల్టు ఇక జన్మలో ఊడకుండా పట్టేసే జిగురు. పొద్దున్నే ఖాళీ గ్రీజు ట్యూబు కడిగి, తనే అందులో నింపింది.

మూత తియ్యగానే వాసన పట్టేస్తాడేమోనని ఆమె భయపడింది. పట్టలేదు. నీళ్ల మీద ఆడే బోర్డులు ఊళ్లో అందరికీ బాగుచేసే మనిషి, నాలుగు బోల్టులకూ ఒత్తుగా పూసుకుంటూ పోయాడు.

ఆయన బిగిస్తున్నది ఫాయిల్. ఫాయిల్ అంటే బోర్డు అడుగున నిలబడే పొడుగాటి లోహపు కాడ, దాని చివర రెక్కలు. చేతిలోని తెరచాప గాలి అందుకుందంటే బోర్డు మనిషిని నిలబెట్టుకుని నీళ్ల మీదికి లేచిపోతుంది. చూడ్డానికి ముచ్చటే, దాని మీద ఉన్నది మన మొగుడు కానంతవరకు.

"ఇది వదులైందంటే నేను గల్లంతే," అంటూ ఆయన ఎదురెదురు మూలల బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాడు. బోల్టులు తిప్పే కీ రెండుసార్లు జారి కిందపడింది. హుషారు కాబోలు అనుకుంది.

ఇదంతా ఆయన తోడల్లుడి పుణ్యం. అక్క వాళ్లింట్లో భోజనాల దగ్గర, "మా తమ్ముడు అందరి బోర్డులూ బిగిస్తాడు గానీ, తను మాత్రం నీళ్లలో మోకాటి లోతు దాటడు," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఈయనగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "వచ్చే ఆదివారం అవతలి ఒడ్డు ముట్టుకుని వస్తా, చూస్తూ ఉండండి!" అనేశాడు. తోడల్లుడు ఊరంతా టముకు వేసేశాడు.

ఆ రెండు ఒడ్ల మధ్య నీళ్లు మంచివి కావు. ఈ గాలుల రోజుల్లో మరీను. కిందటేడు ఈయనకన్నా చిన్నవాడు, గజ ఈతగాడు, అటు వెళ్లి తిరిగి రాలేదు.

వద్దంటే ఇంకా మొండికేస్తాడు. ఊరుకుంటే మనిషి దక్కడు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయింది ఆమె. ఆయన వాలకమూ ఏం బాగాలేదు. అన్నం సయించదు, కొట్లో కుదురుగా ఉండడు, ప్రతిదానికీ కస్సుమంటాడు.

చివరికి ఈ ఉపాయం తట్టింది. ఫాయిల్ ఎవరైనా నీటి ఒడ్డునే బిగించుకుంటారు. "అక్కడ ఇసుక పడి బోల్టులు సరిగ్గా కూర్చోవండీ. మేడగదిలో అయితే శుభ్రంగా ఉంటుంది," అంది. కసురుతాడనుకుంది. "అదీ నిజమే," అన్నాడు. విడిగా తెచ్చిన బోర్డు, కాడా రెక్కలూ తగిలించాక ఆ ఇరుకు గుమ్మంలోంచి ఎలా దిగుతుందని ఆ బుర్రకు తట్టనే లేదు. పిచ్చి మారాజు.

ఆదివారం పొద్దున్న తోడల్లుడు జనాన్ని వెంటేసుకుని వచ్చాడు. బోర్డును నిలువుగా తిప్పారు, అడ్డంగా తిప్పారు. రెక్కలు తప్పిస్తే కాడ మెట్ల దగ్గర ఇరుక్కుంది. ఊడదీద్దామంటే బోల్టు కదల్లేదు. భర్త కీ మీద వేలాడి, వేళ్లు కందిపోయేలా తిప్పాడు.

"మంట చూపిస్తే వదులుతుంది తమ్ముడూ."

"బోర్డు కరిగి ముద్దవుతుంది. తెలియకపోతే ఊరుకో అన్నయ్యా!"

"పోనీ, కొట్లో ఇంకోటి తీసుకో."

"నమ్మి ఇచ్చినవాళ్ల సొమ్ము ముట్టుకోమంటావా?"

తోడల్లుడు గదంతా కలియజూశాడు. చూపు కిటికీ మీద ఆగింది. "చట్రం లేపేద్దాం. తాళ్లు కట్టి దించుదాం. గునపం కార్లోనే ఉంది."

ఆమె కిటికీ సంగతి ఆలోచించనే లేదు. చట్రం లేస్తే బోర్డు హాయిగా దిగుతుంది. అవతలి ఒడ్డు, ఆ నీళ్లు, అంతా కళ్ల ముందు తిరిగాయి. ఇప్పుడు ఏం చెప్పి ఆపాలి? ఎలా ఆపాలి?

గునపం వచ్చింది. మొదటి దెబ్బకు సున్నం పెళ్ల రాలింది.

"ఆగు!" భర్త కిటికీకి అడ్డం నిలబడ్డాడు. "మా నాన్న కట్టిన గోడ ఇది. ఇంకొక్క దెబ్బ పడిందా, మన మధ్య మాటలుండవు!"

పోయిన ఎండాకాలమే బీరువా పట్టడం లేదని వంటింటి గోడ కొట్టించిన మనిషి.

ఎండెక్కింది. జనం విసుక్కుంటూ మెట్లు దిగారు. "నీ బోర్డుకు కాపలా కాసుకో తమ్ముడూ!" అని నవ్వుకుంటూ తోడల్లుడూ పోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆయన గోడకు చేరబడి బోర్డు వంకే చూస్తున్నాడు. పరువు పోయినవాడి మొహం చూసి ఆమె తట్టుకోలేకపోయింది.

"ఏమండీ, తిట్టండి, కొట్టండి, మీ ఇష్టం. ఆ ట్యూబులో ఉన్నది గ్రీజు కాదు. జిగురు. నేనే నింపాను."

ఆయన లేచాడు. మెట్ల దాకా వెళ్లి కిందికి తొంగిచూశాడు. వచ్చి తలుపు గడియ పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుంది.

"గ్రీజు బదులు పూద్దామని వారమంతా ఆ జిగురు కోసమే ఇల్లంతా వెతికాను, ఎక్కడ దాచావే మహాతల్లీ?"