లాంతరు సాక్ష్యం

పన్నెండోసారి తయారుచేసిన పొడి పనిచేసింది.

గాజుగొట్టంలోకి ఒక చివర కార్బన్ మోనాక్సైడ్, ఇంజన్ పొగలో ఉండే విషవాయువు, పోతోంది. రెండో చివర మీటరు ముల్లు సున్నా మీద నిలబడి ఉంది. మంట లేదు, వేడి లేదు. తుప్పు పొడి మీద కంటికి ఆనని బంగారు రేణువులు, అంతే. నాలుగేళ్ల చాకిరీ. జాహ్నవి కుర్చీలో కూలబడింది.

సీసాలు కడుగుతున్న కుప్పయ్య తల తిప్పి చూశాడు. తిరుపతిలోని ఆ ప్రయోగశాలలో ఆరేళ్లుగా అటెండరు.

"బంగారు సూస్తే మనుషులు చెడిపోతారు గానీ, పొగ బాగుపడేది ఇప్పుడే సూస్తా ఉండా."

"నవ్వు తాతా, నవ్వు. దీన్ని డబ్బాలో పోసి ఆయిల్ ఇంజన్ పొగగొట్టానికి బిగిస్తే, బావుల్లో ఇంకెవరూ చావరు. మీ అబ్బాయి సుబ్బన్నను చంపింది ఈ గ్యాసే."

కుప్పయ్య చేతిలో సీసా ఆగిపోయింది.

"కాదమ్మా. నా కొడుకును సంపింది గ్యాసు కాదు, మనిషి."

వడమాలపేట దగ్గర వాళ్ల ఊరు. దాయాది ధనంజయతో ఉమ్మడి బావి. పూడిక తీయడానికి ఇంజన్ను లోపలికి దించి పొద్దున్నుంచి నీళ్లు తోడారు. దిగేముందు ధనంజయ సుబ్బన్నకు చెంబుడు కల్లు పోశాడు. దిగినవాడు మళ్లీ ఎక్కలేదు. బావి మొత్తం కాజేయాలని కల్లులో ఏదో కలిపాడన్నాడు కుప్పయ్య. వారం తిరక్కుండానే ధనంజయ ఊళ్లో కనబడకుండా పోయాడు. తప్పు చేయకపోతే ఎందుకు పారిపోతాడంది ఊరు. కొడుకును మింగిన బావిని కుప్పయ్య, కూలివాళ్లను కూడా దగ్గరికి రానీయకుండా, ఒక్కడే పూడ్చేసి తిరుపతి చేరాడు.

"గ్యాసు లేదని నీకెట్ల తెలుసు తాతా?"

"లాంతరు దించి సూసినా గదా! గాలి చెడ్డదయితే దీపం ఆరిపోవాల. ఎలుగుతానే పైకొచ్చింది. దిగు నాయనా అని నేనే చెప్పినా."

జాహ్నవి లేచింది. స్పిరిట్ దీపం వెలిగించి గాజుపెట్టెలో పెట్టింది. మూత బిగించి గ్యాసు వదిలింది. మీటరు ముల్లు ఎర్రగీత దాటి చివరికంటా పోయింది.

దీపం నిలకడగా వెలుగుతోంది.

"ఈ గాలిలో మనిషి నాలుగు నిమిషాలు బతకడు. దీపానికి మాత్రం ఏమీ కాదు."

"ఇంకొంచెం వదులమ్మా."

వదిలింది. దీపం ఆరలేదు.

"ఇంకొంచెం."

"చాలు తాతా, ఆరదు" అంది జాహ్నవి మెత్తగా. "పాపం, ఆ ధనంజయ ఏ తప్పూ చేయలేదు. నిందకు భయపడి పోయుంటాడు. యాడున్నాడో కనుక్కో. కబురు పెడితే వచ్చేస్తాడు."

కుప్పయ్య దీపం మీంచి కళ్లు తీయలేదు. తడిచేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"రాడమ్మా."

ఆ బావిలో కుప్పయ్య పోసిన మొదటి తట్ట మట్టి ధనంజయ ముఖం మీద పడింది.